రెండు గళ్ళలో ఒకే అంకె

మా అత్తకి జనాభా లెక్కలంటే ఇష్టం. లెక్కలవాళ్ళు వస్తే తలుపు సగం తెరిచి, "మావి రాసుకున్నారు పోండి" అని పంపేసేవాళ్ళను చాలామందిని చూశాను. మా అత్త అట్లా కాదు. కుర్చీ వేసేది, మజ్జిగ ఇచ్చేది, వాళ్ళు వెళ్ళేదాకా వంటింటి గడప దగ్గర నిలబడి వినేది. పదేళ్ళకొకసారైనా ఈ ఇంట్లో ఎవరెవరున్నారని అడగడానికి మనిషి వస్తాడు కదా అనేది. ఆ ఇష్టం వెనక ఏముందో తెలుసుకోవడానికి కాపురానికి వచ్చాక నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. తెలిసింది కూడా నా తెలివివల్ల కాదు.

అది రెండువేల పదకొండు, ఫిబ్రవరి నెల. మేము అప్పుడు యూనివర్సిటీ క్యాంపస్‌లో స్టాఫ్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన పరీక్షల విభాగంలో పనిచేసేవాడు. అంతకు ముందు మా మామ కూడా ఆ యూనివర్సిటీలోనే గుమాస్తా. అనంతపురం వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, క్వార్టర్లోనే ముగ్గురు పిల్లల్ని పెంచి, రిటైరైన కొన్నాళ్ళకి పోయాడు. ఆ ముగ్గురిలో మా ఆయన పెద్దవాడు, తర్వాత ఒక ఆడపడుచు, ఆ తర్వాత మరిది. నేను లాలాగూడ దగ్గర సర్కారు బడిలో లెక్కల టీచర్ని. లెక్కల టీచర్ని కాబట్టి జనాభా లెక్కలు నాకు తేలికని మా హెడ్‌మాస్టర్ నమ్మకం. ఏ సబ్జెక్టు టీచరైనా ఆయన నమ్మకం అదేననుకోండి.

తార్నాకలో ఒక స్కూల్లో మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. మాకు ట్రైనింగ్ ఇచ్చినాయనే తర్వాత మా సూపర్‌వైజర్ కూడా అయ్యాడు. వరంగల్ వైపు మనిషి, సీనియర్ టీచరు, పుస్తకంలో ఉన్నదాన్ని ఉన్నట్టు చదవడమే కాక ఎందుకు అట్లా ఉన్నదో కూడా చెప్పేవాడు. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో దేశం మొత్తాన్నీ ఒక్క రాత్రిలో లెక్కపెట్టేవాళ్ళట. చేతిలో దీపం పట్టుకుని ఊరూరా తిరగాలి కాబట్టి వెన్నెల ఉండే రోజు చూసి పెట్టుకునేవాళ్ళట. పన్నులకీ పాలనకీ ఎవరెంతమంది ఉన్నారో తెలియాలి వాళ్ళకి. మనకు స్వతంత్రం వచ్చినా లెక్క ఆగలేదు, పని మారింది. ఎక్కడ బడి కావాలి, ఎక్కడ ఆస్పత్రి కావాలి, ఏ నియోజకవర్గానికి ఎంతమంది మనుషులు, ఇవన్నీ ఈ కాగితాల్లోంచే తేలాలి. "మీరు తప్పు రాస్తే సర్కారుకు ఏం కాదు మేడం. ఆ గల్లీకి రావాల్సిన దవాఖాన రాదు, అంతే" అన్నాడు. ఆ మాట నాకు బాగా నాటుకుంది.

పెళ్ళయిన ఆడవాళ్ళకు మాత్రమే ఉన్న రెండు ప్రశ్నల దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. ఇప్పుడు బతికున్న పిల్లలెందరు అన్నది ఒకటి. ఇంతవరకు ప్రాణంతో పుట్టినవాళ్ళు మొత్తం ఎందరు అన్నది రెండోది. మగపిల్లలూ ఆడపిల్లలూ వేరువేరుగా. ఈ రెండు అంకెలకూ మధ్య ఉండే తేడానే దేశానికి కావలసింది, ఎంతమంది పసిపిల్లలు పోతున్నారో దాంట్లోనే తెలుస్తుందని చెప్పాడు. తర్వాత చూపుడు వేలు ఎత్తి, "ఒక్క ఊపిరి పీల్చి పోయినా సరే, పుట్టినట్టే రాయాలె. ఆ తల్లినే అడగాలె" అన్నాడు. అందరం బుద్ధిగా రాసుకున్నాం.

నాకు వచ్చిన బ్లాకులో మా క్వార్టర్స్ వరస ఒకటి, క్యాంపస్ గోడకి అవతల మాణికేశ్వర్ నగర్‌లో మూడు గల్లీలు. గోడలో ఒకచోట రాళ్ళు ఊడి మనిషి పట్టేంత సందు ఉండేది. జనమంతా దాంట్లోంచే తిరిగేవాళ్ళు కాబట్టి నేనూ సంచీ భుజానికేసుకుని, చీర కుచ్చిళ్ళు పట్టుకుని దాంట్లోంచే దూరేదాన్ని. అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జరుగుతున్న రోజులు. గేటు దగ్గర పోలీసు వ్యాన్లు, హాస్టళ్ళ వైపు నుంచి నినాదాలు, రోజు విడిచి రోజు బంద్. పుట్టిన ఊరు అడిగే గడి దగ్గరకు రాగానే ఎదుటివాళ్ళు నా పుట్టిన ఊరు అడిగేవాళ్ళు. గీడనే, రైల్వే ఆస్పత్రిలో పుట్టిన అని చెబితే నవ్వి కూర్చోమనేవాళ్ళు. ఎవరూ నన్ను వాకిట్లోంచి పంపెయ్యలేదు. ఇంటికో చాయ్ చొప్పున ఆ నెలలో నేను తాగినంత చాయ్ జన్మలో తాగలేదు.

మొదటి వారం నా పని చూసి నేనే ముచ్చటపడ్డాను. ప్రతి ఇంట్లో ఆడమనిషిని పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండు ప్రశ్నలూ అడిగేదాన్ని. రెండో వారానికి కాళ్ళు లాగడం మొదలైంది. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి ఈ తిరుగుడు. వెళ్ళేసరికి ఇంటి ఇల్లాలు నీళ్ళకు పోయి ఉంటుంది, లేదా పనికి. ఇంటాయన మంచం మీద కూర్చుని, "నేను చెప్తగా మేడం, ఇద్దరు పోరగాండ్లు" అంటాడు. ఇద్దరా అంటే ఇద్దరు. బతికున్నవాళ్ళ గడిలో రెండు, పుట్టినవాళ్ళ గడిలోనూ రెండు. తర్వాతి ఇల్లు. తప్పని నాకు తెలుసు. తెలిసే చేశాను. బడిలో పిల్లలు ఒకరి నోట్సు ఒకరు చూసి దించితే చెవులు మెలిపెట్టే మనిషిని, రెండు గళ్ళలో ఒకే అంకె దించుకుంటూ పోయాను.

సాయంత్రం ఇంటికి రాగానే మా అత్త కాళ్ళకి వేడినీళ్ళు పెట్టేది. ఈరోజు ఎన్ని ఇండ్లయినాయి, ఏమేమి అడిగినావు అనేది. ఇళ్ళ సంగతులు బయట చెప్పకూడదని చట్టం ఉంది అత్తా అంటే, ఇండ్ల సంగతి కాదులే, ప్రశ్నలు చెప్పు అనేది. ఒకటో ప్రశ్న నుంచి చివరిదాకా చెప్పించుకునేది. పిల్లల ప్రశ్నలు రెండుసార్లు చెప్పించుకుంది. పెద్దావిడకి తోచక అడుగుతోందనుకున్నాను. మా వరసలో ఇళ్ళు రాయడం మొదలుపెట్టిన రోజున ఆవిడ పెట్టెలోంచి నీలం చీర తీసి కట్టుకుంది. ఎక్కడికైనా వెళ్తున్నావా అని అడిగితే ఎక్కడికీ లేదంది.

ఆ రోజు రాత్రి వంటకు ముందు మా ఇంటి ఫారం నేనే టేబుల్ దగ్గర కూర్చుని పది నిమిషాల్లో నింపేశాను. ఎవర్నీ అడగలేదు. అడగడానికేముంది? ఇంటి యజమాని మా ఆయన, తర్వాత నేను, మా పాప, మా అత్త. అత్తకి కొడుకులు ఇద్దరు, కూతురు ఒకతె. రెండు గళ్ళలోనూ అదే. బ్లాకు మొత్తంలో అన్నిటికంటే శుభ్రంగా నింపిన ఫారం అదే.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మా అత్త నడవాలో చాప మీద కూర్చుని కొత్త చింతపండుకు గింజలు తీస్తోంది. క్యాంపస్ చెట్లకాయలే, తోటమాలి తెచ్చిచ్చాడు. నేను పక్కన ఫారాలు వరస పెట్టుకుంటున్నాను. చేతులు ఆపకుండానే అడిగింది.

"అందరిండ్లకూ పోతాండావు. మన ఇంటికి ఎప్పుడు వస్తావమ్మా?"

"మనది అయిపోయింది అత్తా. మొన్ననే రాసేశాను."

"నన్ను అడక్కుండానా?"

"మన ఇంటి సంగతి నాకు తెలీదా అత్తా. నీకు ముగ్గురు."

ఆవిడ ఇంకో రెండు పళ్ళకు గింజలు తీసి పక్కన పెట్టింది.

"మీ మామా అట్లే చెప్పె. లెక్కలోళ్ళు వచ్చినప్పుడల్లా వాకిట్లో నిలబడి ముగ్గురనే చెప్పె. నేను వంటింట్లోనుంచి వింటాంటి. మొగోళ్ళు వస్తే వాళ్ళు నన్ను ఏంటికి అడుగుతారులే అనుకుంటి. నువ్వైతే అడుగుతావనుకుంటి." తర్వాత తల ఎత్తి, "నలుగురమ్మా నాకు. మొదట ఆడపిల్ల" అంది.

ఫారాలు పక్కన పెట్టేశాను. మిగతాది ఆవిడ ఆగి ఆగి చెప్పింది. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళిందట. పిల్ల బాగానే పుట్టింది. తల నిండా జుట్టు, చెవుల మీదికి పడేదట. పదకొండో రోజు పురుడు చేసి పేరు పెట్టాలి. ఏడో రోజున పాలు తాగడం మానేసింది, తొమ్మిదో రోజున పోయింది. పేరు పెట్టకముందే పోయిన పిల్ల గురించి ఎవరూ మాట్లాడకూడదన్నారు. ఆడపిల్లే కదా, మళ్ళీ కాన్పుకు మగపిల్లాడు పుడతాడులే, ఏడవకు అన్నారు. అన్నట్టే మా ఆయన పుట్టాడు. ఆ తర్వాత ఆ పిల్ల మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు, మా మామ నోటితో సహా. ఆయన చెడ్డమనిషి కాదు. పేరు లేని పిల్లని వాకిట్లో నిలబడి పరాయివాడికి ఏమని చెప్పాలో ఆయనకి తెలియలేదు.

ఇది వింటుంటే నాకు మా పెళ్ళి గుర్తొచ్చింది. మా పెళ్ళి జ్యేష్ఠమాసంలో జరిగింది. మా ఇంట్లో నేను తొలిచూలు కూతుర్ని, ఆయనేమో తొలిచూలు కొడుకు. మూడు జ్యేష్ఠలు కలవకూడదని మా అమ్మ ముహూర్తం మార్చమని పట్టుబట్టింది. మా అత్త ఒక్కతే, ఏమీ కాదు, ఆ ముహూర్తానికే కానివ్వండి అంది. ఎంత ధైర్యమో, ఎంత కొత్త ఆలోచనలో అని అందరూ మెచ్చుకున్నారు. స్టాఫ్‌రూంలో నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో, మా అత్తకి చాదస్తాలు లేవని. ఆవిడకి చాదస్తం ఉంది. తన కొడుకు తొలిచూలు కాదని ఆవిడకి తెలుసు, అంతే. మా అందరి ముందూ ఆ పిల్లని లెక్కలో వేసుకునే ముహూర్తానికి ఒప్పుకుంది. ఒక్కరికీ అర్థం కాలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో ఊళ్ళో వాళ్ళందరి పిల్లల్నీ లెక్కపెట్టొచ్చి ఇంట్లో ఓడిపోయాను. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. మా అత్తకి రాలేదు. "ఏంటికి ఏడుస్తావు, రాసుకుంటే సరిపోతుంది కదా" అంది. ఆ ఫారంలో పేరు రాయాలా అని అడిగింది. పోయిన పిల్లలకి పేరు రాసే గడి లేదు అత్తా, అంకె ఒక్కటే అని చెప్పాను. "మంచిదే. పేరు అడిగితే ఏమి చెప్పల్లా" అంది.

సాయంత్రం మా ఆయన వచ్చాక తనే చెప్పింది. అంతవరకు ఆయన ప్రతి శుభకార్యంలోనూ, ప్రతి చావులోనూ, పెద్దకొడుకుని కాబట్టి బరువంతా నాదే అని విసుక్కునేవాడు. ఆ విసుగులో కాస్త గర్వం కూడా ఉండేది. వాళ్ళమ్మ చెబుతుంటే కంచంలో చెయ్యి పెట్టుకుని అట్లాగే విన్నాడు. అంతా అయ్యాక, జుట్టు నాలాగా ఉంగరాలా అని మాత్రం అడిగాడు. కాదు, సాపు అంది ఆవిడ.

మర్నాడు సూపర్‌వైజర్ దగ్గరకి వెళ్ళాను. ఆ ఫారాలు మిషన్ చదివేవి. మడతపెట్టకూడదు, కొట్టివేతలు ఉండకూడదు. ఎన్ని ఇచ్చారో అన్నీ అప్పజెప్పాలి, పాడైన వాటికి కూడా సమాధానం చెప్పాలి. ఆయన నా బ్లాకు మొత్తాలు అప్పటికే చూసి ఉంచుకున్నాడు. నేను కొత్త ఫారాలు కావాలనగానే మొహం చిట్లించాడు. మొత్తం మనుషుల సంఖ్య మారుతుందా అన్నాడు. మారదన్నాను. అయితే ఎందుకన్నాడు.

"గట్లనే ఉండనీయుండ్రి మేడం. ఎప్పుడో పోయిన పిల్ల. ఎవరు చూస్తరు గది?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకి అప్పుడు తెలిసింది. "ఒక్క ఊపిరి పీల్చినా రాయాలని వేలెత్తి చెప్పింది మీరే కదా సార్. మా అత్త కూతురు తొమ్మిది రోజులు పీల్చింది" అన్నాను. అక్కడున్న మిగతా టీచర్లు రాయడం ఆపి చూశారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, ఎన్ని కావాలె అన్నాడు. ఒకటి చాలదని చెప్పాను. మొగవాళ్ళ మాట మీద నింపినవి ఇంకా ఇరవై దాకా ఉన్నాయని, అది నా తప్పేనని కూడా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. బీరువా తెరిచి ఫారాలు లెక్కపెట్టి ఇచ్చాడు.

మార్చి మొదట్లో అయిదు రోజులు మళ్ళీ తిరగాలని నియమం ఉంది. ఫిబ్రవరి ఆఖరి అర్ధరాత్రి దాకా ఆ ఇళ్ళలో కొత్తగా ఎవరైనా పుట్టారా, ఎవరైనా పోయారా అని అడిగి సరిచేసుకోవాలి. ఆ తిరుగుడులోనే ఆ ఇరవై ఇళ్ళకీ వెళ్ళాను. ఈసారి మంచాల మీద కూర్చున్న మగవాళ్ళని, అన్నా మీరు ఒక్క నిమిషం బయట ఉండండి అని పంపించాను. ఒకాయన గొణిగాడు, ఒకాయన నవ్వాడు. నీళ్ళ దగ్గరున్న ఆడవాళ్ళ కోసం బిందెల వరసలో నేనూ నిలబడ్డాను. ఏ ఇంట్లో ఏ అంకె మారిందో చెప్పను, చెప్పకూడదు. ఒకామె మాత్రం గడపలో కూర్చుని నా పెన్ను వైపు చూస్తూ, "మొన్ననే అడుగుతవనుకున్న మేడం. అడగకపాయె" అంది. మా అత్త అన్న మాటే. ఇద్దరికీ నేను ఒకే సమాధానం బాకీ ఉన్నాను. తప్పయిపోయిందమ్మా అన్నాను.

మా ఇంటి ఫారం చివర రాశాను. మా అత్త మళ్ళీ నీలం చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. పక్కింటి వాళ్ళని అడిగినట్టే మొదటి ప్రశ్న నుంచి అన్నీ అడిగాను. వయసు, పుట్టిన ఊరు, చదువు, మాతృభాష. ఆవిడా నన్ను ఎన్నడూ చూడనట్టు గంభీరంగా జవాబులు చెప్పింది. పిల్లల దగ్గరకి వచ్చాం. బతికున్నవాళ్ళు? కొడుకులు ఇద్దరు, కూతురు ఒకతె. ప్రాణంతో పుట్టినవాళ్ళు మొత్తం? "కొడుకులు ఇద్దరు. కూతుర్లు ఇద్దరు" అంది. రాశాక కాగితం చూపించమంది. ఆవిడకి చదవడం పెద్దగా రాదు గానీ అంకెలు వచ్చు. ఆ గడి ఎక్కడుందో అడిగి, దాని మీద వేలు ఆనించి, కాసేపు అట్లాగే ఉంచింది. ఫారానికి మరక అంటుతుందని నేను భయపడలేదు.

మళ్ళీ పదేళ్ళకి లెక్కలు రావాలి. ముందు కరోనా, తర్వాత ఇంకేవో కారణాలు, వెనక్కీ వెనక్కీ పోయాయి. మా ఆయన రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి తార్నాకలో ఫ్లాటుకి వచ్చాం. మధ్యలో రాష్ట్రం కూడా మారింది. లెక్కలోళ్ళు ఇంకా రాలేదేమని మా అత్త అప్పుడప్పుడు అడిగేది. వస్తారులే అనేదాన్ని. రెండేళ్ళ కింద, వానాకాలంలో, ఆవిడ పోయింది. కర్మకాండలన్నీ మా ఆయనే చేశాడు. పెద్దకొడుకుని అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. తొలికొడుకువా అని పురోహితుడు అడిగితే, కొడుకుల్లో పెద్దవాణ్ణి, నాకు ముందు అక్క ఉంది అన్నాడు.

ఈ ఏడాది మొదటి విడతగా ఇళ్ళ లెక్క మొదలైంది. మోకాళ్ళ పేరు చెప్పి నేను డ్యూటీ తప్పించుకున్నాను. మొన్న మధ్యాహ్నం ఒక టీచరమ్మాయి వచ్చింది, చేతిలో ఫోను తప్ప కాగితం లేదు. మా ఆయన తలుపు తీసి, ఆ అమ్మాయి ఒక్క ప్రశ్న అడగకముందే, "ఉండమ్మా, మా ఆవిడ చెబుతుంది" అని నన్ను పిలిచాడు. గోడలు దేనివి, నీళ్ళు ఎక్కడివి, వంటకి ఏం వాడతారు, అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి లేచి వెళ్ళబోతుంటే, పిల్లల సంగతి ఎప్పుడడుగుతారని మా ఆయన అడిగాడు. వచ్చే ఫిబ్రవరిలో మనుషుల్ని రాసుకోవడానికి వస్తాం సార్ అంది.

"పోయిన తల్లుల పిల్లల్ని కూడా రాస్తారా?"

"లేదు సార్. ఉన్నవాళ్ళనే అడుగుతం."

మంచిదమ్మా అన్నాడు. ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్ళేదాకా తలుపు దగ్గరే నిలబడి, తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అయితే అక్క లెక్కలో ఉన్నది ఆ ఒక్కసారే" అన్నాడు.

అవునన్నాను. ఆ ఒక్కసారి కూడా మా అత్త నోరు తెరిచి అడిగితేనే.